మీడియన్ పది నెలలంటే నాయినకు పది నెలలే అనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయినకు 58 ఏళ్లు. గుట్కా అలవాటుతో నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. ఇప్పుడు మెడలో మళ్లీ గడ్డ తేలింది. తక్కువ డోసు నివొలుమాబ్ ఇద్దామని డాక్టర్ అంటున్నారు. ఫోన్లో వెతికితే ‘హజార్డ్ రేషియో 0.545, మీడియన్ సర్వైవల్ 10.1 నెలలు’ అని ఉంది. అంటే నాయినకు ఉన్నది పది నెలలేనా? లేక వందలో 45 మందికి నయమవుతుందనా?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ కాదు. మీరు చూసినవి ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 151 మందిపై జరిగిన ట్రయల్ (మందు పరీక్ష) అంకెలు. సగం మందికి మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలే ఇచ్చారు. మిగతా వాళ్లకు ఆ మాత్రలతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివొలుమాబ్ ఎక్కించారు. ఇది ఇమ్యునోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది. మామూలుగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇస్తారు. అంత ఖర్చు మనలో ఎంతమంది పెట్టుకోగలరు?

ఇక మీడియన్. ఎవరు ఎన్నాళ్లు బతికారో చూసి, తక్కువ నుంచి ఎక్కువకు అందరినీ వరుసలో నిలబెట్టారనుకోండి. సరిగ్గా నడిమి మనిషి లెక్కే మీడియన్. అది సగటు కాదు, గడువు అంతకన్నా కాదు. ఆ మనిషి తర్వాత ఇంకా సగం మంది ఉన్నారు. వాళ్లు పదకొండు నెలలున్నారా, మూడేళ్లున్నారా అన్నది ఈ అంకె చెప్పదు. మీ దిక్కు బత్తాయి తోటలున్నాయి కదా, నడిమి చెట్టు కాపు చూసి గట్టు మీది చెట్టుకు ఎన్ని కాయలో చెప్పగలమా?

మాత్రలే వాడిన వాళ్లలో మీడియన్ 6.7 నెలలు, నివొలుమాబ్ కలిపిన వాళ్లలో మీరు చూసిన 10.1. తేడా మూడున్నర నెలల లోపే. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ ఏడాది దాటిన వాళ్లను చూడండి: మాత్రలతో నూటికి 16 మంది, నివొలుమాబ్ కలిపితే 43 మంది. నేనైతే ఈ అంకెనే ముందు చూస్తాను. ఇమ్యునోథెరపీ అందరికీ పనిచేయదు, పనిచేసిన వాళ్లలో కొందరికి మాత్రం చాలాకాలం పనిచేస్తుంది. నడిమి మనిషినే చూస్తే అది కనిపించదు.

హజార్డ్ రేషియో 0.545 అంటే, ఒకే సమయంలో పోల్చి చూస్తే, మాత్రల గుంపులో ప్రాణం పోయే ముప్పు 100 అయితే రెండో గుంపులో దాదాపు 55. ‘మరణాలు 45 శాతం తగ్గాయి’ అని వాట్సాప్‌లో తిరిగేది దీన్నే. నయమైన వాళ్ల లెక్క ఇందులో లేదు.

దాని పక్కన పి విలువ అని ఉంటుంది. మందుకు అసలు ప్రభావమే లేకపోయినా, యాదృచ్ఛికంగా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం ఎంతో అది చెబుతుంది. తేడా పెద్దదా చిన్నదా అన్నది దాని పని కాదు. ఇదే ఎర్లోటినిబ్‌ను పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌లో జెమ్‌సిటాబిన్ అనే కీమో మందుతో కలిపి పరీక్షించారు, ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. పి విలువ 0.038 వచ్చి పాసైంది (మామూలుగా 0.05 లోపు ఉంటే పాసని లెక్క). కానీ మీడియన్ 5.91 నుంచి 6.24 నెలలకు, అంటే పది రోజులు పెరిగింది.

ఒక ముఖ్యమైన మాట. ఆ 151 మంది లేచి తిరుగుతూ తమ పనులు తాము చేసుకునే స్థితిలో ఉన్నవాళ్లు. నాయిన ఎట్లా ఉన్నారో మీరు రాయలేదు. ముద్ద మింగగలుగుతున్నారా, బరువు ఎంత తగ్గారు, పగలు ఎంతసేపు మంచం మీదే ఉంటున్నారు? ఈ మూడూ కాగితం మీద రాసుకొని, స్కాన్ ఫిల్ములతోపాటు తీసుకెళ్లి మీ డాక్టర్‌కు చూపించండి. ‘ఆ ట్రయల్‌లో వాళ్లకూ మా నాయినకూ పోలిక ఉందా?’ అని సూటిగా అడగండి.