వంతెన ఖర్చు తీరిపోయాక కూడా టోల్ వసూలు చేయవచ్చా?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాను. 2016 వరకు రోజూ ఢిల్లీని నోయిడాతో కలిపే డీఎన్‌డీ ఫ్లైవే వంతెన మీద టోల్ కట్టి ఢిల్లీ వెళ్లేవాణ్ణి. ఆ వసూలు చెల్లదని సుప్రీంకోర్టు కూడా తేల్చింది కాబట్టి నేను కట్టిన డబ్బు తిరిగి వస్తుందా? ప్రభుత్వం కొత్త చట్టం చేసి మళ్లీ టోల్ పెట్టగలదా? మా సొంతూరు కొవ్వూరు దగ్గర. గోదావరి నాలుగో వంతెన టోల్‌కు ఈ తీర్పు వర్తిస్తుందా?
— ఒక పాఠకుడు, నోయిడా

జవాబు: టోల్ విషయంలో మొదట చూడవలసింది రేటు కాదు, ఏ చట్టం కింద వసూలు చేస్తున్నారన్నది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 59వ అంశం టోల్, 13వ అంశం రోడ్లు, వంతెనలు. జాతీయ రహదారులుగా ప్రకటించినవి మాత్రం కేంద్ర జాబితాలోకి వెళ్తాయి. వాటికి 1956 నాటి జాతీయ రహదారుల చట్టం, దాని కింద వచ్చిన 2008 రుసుము నిబంధనలు వర్తిస్తాయి. డీఎన్‌డీ జాతీయ రహదారి కాదు. అక్కడ ఆధారంగా చూపినది ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి చట్టం, 1976లోని 6-ఏ సెక్షన్.

1997 నవంబరులో నోయిడా అథారిటీ, మౌలిక సదుపాయాలకు పెట్టుబడి సమకూర్చే సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్, నోయిడా టోల్ బ్రిడ్జ్ కంపెనీ కన్సెషన్ ఒప్పందం (వంతెన కట్టి, టోల్ ద్వారా ఖర్చు రాబట్టుకునే ఒప్పందం) చేసుకున్నాయి. వంతెన మీద రాకపోకలు 2001 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మొత్తం ఖర్చుతోపాటు దానిపై ఏటా 20 శాతం రాబడి కంపెనీకి దక్కాలని, ఏ ఏడాదైనా రాబడి తగ్గితే ఆ తరుగును ఖర్చులోనే కలపాలని ఒప్పందంలో రాసుకున్నారు. ఖర్చు 100 కోట్లు అనుకోండి. ఆ ఏడు 20 కోట్లు రావాలి. నిర్వహణ పోను 12 కోట్లే మిగిలితే తరిగిన 8 కోట్లు చేరి ఖర్చు 108 కోట్లవుతుంది, మరుసటి ఏడు రావలసిన రాబడి 21.6 కోట్లకు పెరుగుతుంది. ఎన్ని లక్షల వాహనాలు దాటినా తీరని బాకీ ఇది. పల్లెల్లో చక్రవడ్డీ పత్రం రాయించుకున్నవాళ్లు కూడా ఇంత ధైర్యం చేసి ఉండరని నాకనిపిస్తుంది.

అలహాబాద్ హైకోర్టు 2016 అక్టోబరు 26న ఈ వసూలును ఆపేసింది. కంపెనీ అప్పీలును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. రుసుము విధించే అధికారాన్నే ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించడం 1976 చట్టం ఇచ్చిన పరిధిని దాటిపోవడమేనని, టెండరు లేకుండా, ప్రజల మీద అంతులేని భారం పడేలా చేసుకున్న ఏర్పాటు రాజ్యాంగంలో సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు సారాంశం. కంపెనీ తన పెట్టుబడిని, నిర్వహణ ఖర్చులను, తగినంత లాభాన్ని అప్పటికే రాబట్టుకుందని కూడా కోర్టు గుర్తించింది.

ఇక మీ డబ్బు సంగతి. హైకోర్టు గానీ, సుప్రీంకోర్టు గానీ వాహనదారులకు వాపసు ఇవ్వాలని ఆదేశించలేదు. చట్టవిరుద్ధంగా వసూలైన సొమ్మును తిరిగి కోరే హక్కు సూత్రప్రాయంగా ఉన్నా, సివిల్ దావాకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. పొరపాటుగా చెల్లించామని తెలిసిన రోజు నుంచి లెక్క వేయాలని వాదించినా, హైకోర్టు తీర్పు తేదీ నుంచి చూస్తే ఆ గడువు 2019లోనే ముగిసింది. సుప్రీంకోర్టు తీర్పు తేదీ నుంచి లెక్కించాలన్న వాదన నిలబడటం కష్టమని నా అభిప్రాయం. పైగా రోజువారీ రసీదులు మీ దగ్గర ఉండాలి, కంపెనీని నెలకొల్పిన ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ 2018లోనే అప్పులు తీర్చలేక పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. ఖర్చు పెట్టుకుని దావాకు వెళ్లమని నేను సలహా ఇవ్వను.

కొత్త చట్టం చేసే అధికారం శాసనసభకు నిస్సందేహంగా ఉంది. అయితే తీర్పు చెల్లదని ఒక వాక్యం రాసి పాత వసూలును బతికించడం కుదరదు. కోర్టు ఎత్తిచూపిన లోపాన్నే తొలగించాలి. అధికార అప్పగింతలోని లోపాన్ని చట్ట సవరణతో సరిచేయవచ్చేమో గానీ, ఖర్చు రాబట్టుకోవడం పూర్తయిందన్న నిర్ధారణను సవరణ మార్చలేదు. దేవీదయాళ్ సింగ్ కేసులో (2000) సుప్రీంకోర్టు టోల్‌ను ప్రత్యేక సౌకర్యానికి ప్రతిఫలంగా చూసింది. పైసా పైసాకు లెక్క సరిపోనక్కరలేదు గానీ, వంతెనపై పెట్టిన ఖర్చుతో, నిర్వహణతో వసూలుకు సహేతుకమైన సంబంధం ఉండాలి.

గోదావరి వంతెనకు ఈ తీర్పు నేరుగా వర్తించదు, ఎందుకంటే చట్టం వేరు, ఒప్పందం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి మౌలిక సదుపాయాల అభివృద్ధి చట్టం, కన్సెషన్ ఒప్పందం మేరకు డెవలపర్ (నిర్మించిన సంస్థ) వినియోగ రుసుము వసూలు చేసుకునేందుకు వీలు కల్పిస్తుంది. కాబట్టి ప్రైవేటు సంస్థ వసూలు చేస్తోందన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టిపారేయలేరు. మీరు చేయవలసింది రోడ్లు, భవనాల శాఖ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం. టోల్ నోటిఫికేషన్ ప్రతి, అందులో పేర్కొన్న చట్టం, సెక్షన్, కన్సెషన్ ఒప్పందం, గడువు ముగిసే తేదీ, ఏటేటా వసూలైన మొత్తం అడగండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. వాణిజ్య రహస్యమని నిరాకరిస్తే మొదటి అప్పీలు వేసి, ప్రజల నుంచి వసూలు చేసే సొమ్ముకు సంబంధించిన పత్రంలో ప్రజాప్రయోజనమే ఎక్కువని వాదించండి.

అంతవరకు గేటు దగ్గర గొడవపడి కట్టనని భీష్మించవద్దు. 1851 నాటి భారత టోల్స్ చట్టం వర్తించే చోట్ల టోల్ కట్టని వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. అదే చట్టం రేట్ల పట్టికను ఇంగ్లిషులోనూ జిల్లా భాషలోనూ గేటు దగ్గర కనపడేలా పెట్టాలంటుంది, చట్టబద్ధమైన రేటుకు మించి గుంజితే ఆరు నెలల వరకు జైలు శిక్షను కూడా పేర్కొంటుంది. బోర్డు లేకపోయినా, చెరిగిపోయినా ఫొటో తీసి, ఫాస్టాగ్ సందేశంతోపాటు భద్రపరచండి. సమాచార హక్కు కింద వచ్చిన ఒప్పందంలో తరుగును ఖర్చుకు కలిపే షరతు గానీ, ఖర్చు తీరిన తర్వాత కూడా గడువు పొడిగించే షరతు గానీ కనిపిస్తే, ఆ పత్రాలతో 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే.