రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) కారులో 5000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ ప్యాక్ 12 నిమిషాలకే ఆగిపోతోందన్న కావలి సభ్యుడికి సమాధానం

కెపాసిటీ కంటే ముందు సీ రేటింగ్‌ని, అంటే కెపాసిటీకి ఎన్ని రెట్లు కరెంట్ ఇవ్వగలదో చెప్పే అంకెని, అనుమానించండి. 5000 ఎంఏహెచ్‌కి 50సీ అంటే 250 ఆంపియర్లు, స్టిక్కర్ మీద రాసినంత తేలిక కాదు. ప్యాక్ అంత ఇవ్వలేకపోతే, గ్యాస్ (థ్రాటిల్) ఇవ్వగానే వోల్టేజ్ కుంగి ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్ కంట్రోలర్) కట్ చేస్తుంది.

1. చార్జర్‌ని బ్యాలెన్స్ మోడ్‌లో (సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే మోడ్) పెట్టి ఫుల్ చార్జ్ చేయండి. 2ఎస్‌కి, అంటే రెండు సెల్స్ ప్యాక్‌కి, 8.4 వోల్టులు.

2. కారు ఆగాక పది నిమిషాలు వదిలేసి, బ్యాలెన్స్ ప్లగ్ (ప్యాక్‌కి ఉండే చిన్న తెల్ల ప్లగ్) దగ్గర ఒక్కో సెల్ వోల్టేజ్‌ని విడిగా కొలవండి. అందరూ వదిలేసేది ఇదే, మొత్తం వోల్టేజ్ చూసి సరిపెట్టుకుంటారు.
రెండూ 3.8 వోల్టుల దాకా తేలితే: చార్జ్ మిగిలే ఉంది, సీ రేటింగే అబద్ధం.
ఒకటి 3.8, ఇంకోటి 3.4 అయితే: ఆ సెల్ బలహీనం.
రెండూ 3.5 లోపే ఉంటే: మూడో స్టెప్.

3. మళ్లీ చార్జ్ చేసి, ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూడండి. కొత్త ప్యాక్ 3000 దగ్గరే నిండితే లేబులే తప్పు, ఫొటో తీసి వాపసు అడగండి.

మన నెల్లూరు ఎండలో ప్యాక్ చల్లారకుండా మాత్రం చార్జింగ్ పెట్టకండి, దయచేసి.