ట్యాలీ పనికి కొత్త కంప్యూటర్: విండోస్, మ్యాక్, లినక్స్‌లలో మాల్వేర్ బెడద దేనికి తక్కువ?

విండోస్‌తో విసిగిపోయామని, మ్యాక్‌కో లినక్స్‌కో మారితే మాల్వేర్ (అంటే హాని చేసే ప్రోగ్రాముల) బెడద వదులుతుందా అని, ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల పని జరిగే మీ నాన్నగారి ఆఫీసుకు ఏది మేలని మీరు అడిగారు. మారితే బెడద తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. విజయవాడలో డీటీపీ సెంటర్ల, ఆడిటర్ల ఆఫీసుల కంప్యూటర్లు చూసిపెట్టడం చాలాకాలంగా నా వృత్తి. మూడు రకాల యంత్రాలూ నా చేతికి వస్తుంటాయి కనుక, చూసినంత మేరకు చెబుతాను.

మాల్వేర్ రాసేవారి గురి ఎక్కువగా విండోస్ మీదే ఉంటుందన్నది నిజం. డెస్క్‌టాప్‌లలో అత్యధిక భాగం అదే కాబట్టి వారి శ్రమకు ఫలితం అక్కడే దక్కుతుంది. అయితే సంఖ్య ఒక్కటే కారణం కాదు. ఏ వెబ్‌సైటు నుంచైనా ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రాము, దించుకుని నొక్కడం విండోస్ వాడేవారికి మొదటి నుంచీ ఉన్న అలవాటు. పైగా ఫైలు పేరు చివరి భాగాన్ని విండోస్ దాచిపెడుతుంది కనుక, ఇన్‌వాయిస్ లాగా కనిపించేది నిజానికి ప్రోగ్రామని గుమాస్తాకు తెలియదు. పెన్‌డ్రైవ్‌ల సంగతి మీకూ అనుభవమే అయివుంటుంది. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ వంటివి పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాము దానంతటదే నడిచే ఆటోరన్ సౌకర్యాన్ని వాడుకున్నాయి. 2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు దానిని ఆపివేసింది. అయినా ఫోల్డర్లను దాచి, వాటి స్థానంలో షార్ట్‌కట్లు పెట్టే వైరస్ మన జిరాక్స్ షాపుల్లో ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి తిరిగింది, ఎందుకంటే దానికి ఆటోరన్ అక్కరలేదు, తన ఫోల్డరే అనుకుని ఎవరో ఒకరు రెండుసార్లు నొక్కితే చాలు.

ఇక అప్‌డేట్ల విషయం. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) ప్రపంచమంతటా వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కూడా కొన్నింటిని స్తంభింపజేసింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, సవరణ విడుదల చేసింది. దెబ్బతిన్న వాటిలో దాదాపు అన్నీ ఆ సవరణ వేసుకోని విండోస్ 7 యంత్రాలు. మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ కోసం, పాత తెలుగు ఫాంట్ల కోసం నేటికీ విండోస్ 7నే నడుపుతున్నారు. దానికి 2020 జనవరిలోనే మద్దతు ముగిసింది. అటువంటి యంత్రానికి నేను చేసేది ఒక్కటే: ఇంటర్నెట్ తీగ పీకివేసి, దానిని కేవలం అచ్చు పనికి వదిలేస్తాను.

కానీ నా దగ్గరకు వచ్చే విండోస్ కేసుల్లో ఎక్కువ వాటికి మూలం ఈ లోపాలేవీ కావు, క్రాక్ సాఫ్ట్‌వేరు. లైసెన్సు డబ్బు మిగులుతుందని వేసే యాక్టివేటర్ మొట్టమొదట అడిగేది యాంటీవైరస్‌ను ఆపమని. అది ఆపించుకుని ఏమి చేస్తుందో చెప్పేవారుండరు. ఇలా దొంగ కాపీ వేసుకున్న కంప్యూటరును చూపించి విండోస్‌కు భద్రత లేదనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మ్యాక్‌లో ప్రోగ్రాముకు తయారీదారు సంతకం ఉందో లేదో చూసే గేట్‌కీపర్, తెలిసిన మాల్వేర్‌ను పట్టే ఎక్స్‌ప్రొటెక్ట్ వంటి కాపలాలు ముందే ఉంటాయి, కనుక రోజువారీ బెడద తక్కువే. అయితే మ్యాక్‌కు వైరస్ రాదన్న మాట 2012లోనే వీగిపోయింది. ఆ సంవత్సరం జావా లోపం ద్వారా ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ 6 లక్షలకు పైగా మ్యాక్‌లలో చేరింది. ఆ లోపాన్ని జావా తయారీదారైన ఒరాకిల్ ఫిబ్రవరిలో సరిచేయగా, ఆపిల్ తన సవరణను ఏప్రిల్‌లో గాని ఇవ్వలేదు. 2016లో ట్రాన్స్‌మిషన్ అనే ప్రోగ్రాము అధికారిక వెబ్‌సైటులోనే కీరేంజర్ రాన్సమ్‌వేర్‌ను ఎవరో చొప్పించారు, దానికి చెల్లుబాటయ్యే డెవలపర్ సంతకం ఉండటంతో గేట్‌కీపర్ అడ్డుకోలేదు. 2023 నుంచి కనిపిస్తున్న అటామిక్ స్టీలర్ మరీ సూటిది: ప్రసిద్ధ ప్రోగ్రాము పేరుతో దిగి, మ్యాక్ అడిగినట్టే పాస్‌వర్డ్ అడిగి, బ్రౌజరులో దాచుకున్నవన్నీ ఊడ్చుకుపోతుంది. తనకేమీ కాదన్న ధీమాతో ఆ పాస్‌వర్డ్ ఇచ్చేవారిని విండోస్ వాడుకరులలో కన్నా మ్యాక్ వాడుకరులలోనే నేను ఎక్కువగా చూశాను.

లినక్స్ డెస్క్‌టాప్‌లో నాకు మాల్వేర్ దాదాపు తగలలేదు. కారణం, ప్రోగ్రాములు చాలావరకు ఆయా లినక్స్ సంస్థలు తమ డిజిటల్ సంతకంతో నడిపే భాండాగారం నుంచే వస్తాయి, వెబ్‌సైట్ల వెంట తిరగనక్కరలేదు. ఆ దారి తప్పినచోట ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటును చేజిక్కించుకున్నవారు దొంగతలుపు (బయటివారు రహస్యంగా చొరబడే దారి) ఉన్న ఐఎస్‌ఓ ఫైలుకు, అంటే లినక్స్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలుకు, లింకు మార్చారు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో వాడే, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌ను గురిపెట్టి ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అనే గూఢచర్య ముఠా పీడీఎఫ్ వేషంలో డెస్క్‌టాప్ ఫైళ్లను (లినక్స్‌లో షార్ట్‌కట్ల వంటివి) పంపుతోంది. అవి నొక్కితే నిజమైన పత్రమే తెరుచుకుంటుంది, వెనుక మాత్రం మాల్వేర్ దిగుతుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌లో) దొరికిన దొంగతలుపు, భాండాగారాన్ని కూడా గుడ్డిగా నమ్మలేమని చూపింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని పట్టించుకోకపోతే అది ఎన్నో సర్వర్లకు చేరి ఉండేది.

బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్లలో దొంగవాటి బెడదకు ఈ మూడింటి మధ్య తేడా ఏమీ లేదు. మనిషేనని నిరూపించుకోండంటూ ఒక ఆదేశాన్ని కాపీ చేయించి మన చేతే నడిపించే కొత్త మోసం కూడా విండోస్‌తో ఆగక మ్యాక్‌కు పాకింది.

మీ విషయానికి వస్తే, ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది కనుక మ్యాక్ కొని అందులో మళ్లీ విండోస్ వేయించుకోవడం వృథా ఖర్చు. విండోస్ 10కు 2025 అక్టోబరులో మద్దతు ముగిసింది, కాబట్టి లైసెన్సు ఉన్న విండోస్ 11 యంత్రమే తీసుకోండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకుని, నాన్నగారికి, గుమాస్తాకు మామూలు ఖాతాలు ఇవ్వండి. మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ డిఫెండర్ అందులోనే వస్తుంది, దాన్ని ఆపకుండా ఉంటే అటువంటి ఆఫీసుకు సరిపోతుంది. పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్‌ను రిటర్ను వేసేంతసేపే పెట్టి తీసివేయండి. మామూలు ఖాతా కూడా రాన్సమ్‌వేర్‌ను పూర్తిగా ఆపలేదు. ట్యాలీ డేటాను రాయగల ఖాతా ఏదైనా దాన్ని పాడుచేయగలదు, ఈ మాట మూడు వ్యవస్థలకూ వర్తిస్తుంది. అందువల్ల డేటాను రెండు బయటి డిస్కులలోకి మార్చి మార్చి కాపీ చేసుకోండి, కాపీ అయిన వెంటనే డిస్కును కంప్యూటరు నుంచి తీసివేయండి. తగిలించి ఉంచిన డిస్కును కూడా రాన్సమ్‌వేర్ వదలదు.