దిగులు కూర్చునే చోట మూడు బొంగరాలు

అమలాపురంలో అద్దె ఇల్లు, గోడలన్నీ తెలుపే, మేకు కొట్టడానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఆఫీసు నుంచి రాగానే ఇల్లు బోసిగా కనిపించి దిగులేస్తోంది అని రాశారు. రంగురంగుల బొమ్మలు పెట్టుకుంటే నిజంగా తేడా ఉంటుందా, చూసేవాళ్లకి పిల్లచేష్టలా అనిపిస్తుందా అని కూడా అడిగారు. తేడా ఉంటుంది. నాకైతే చాలా ఉంది.

మాది పాలకొల్లు. మూడేళ్ల క్రితం అమ్మ పోయింది. ఆ తర్వాత రోజంతా ఎలాగో గడిచేది గానీ సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి మనసు బరువెక్కిపోయేది. అమ్మా నేనూ టీ తాగే వేళ అది. వంటింటి బల్ల దగ్గర ఆవిడ కుర్చీ ఖాళీగా కనబడేది. ఇంటికి కొత్త కళ తెస్తే బాగుంటుందని ఎవరో చెబితే, హాల్లో ఒక గోడ మొత్తానికి పెద్ద పెద్ద పువ్వుల వాల్‌పేపర్ వేయించాను. శ్రావణంలో ముసురు పట్టగానే అంచులు లేచిపోయాయి, వెనక నల్లగా బూజు పట్టింది. కాలవలూ చేలూ చుట్టూ ఉన్న ఊళ్లు మనవి. వానాకాలం గోడ కింద నుంచి చెమ్మ లాగుతుంది. అంటించినవేవీ ఇక్కడ నిలవవు. కాబట్టి గోడల సంగతి వదిలేయండి, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఆ దసరాకి మా చెల్లెలు విశాఖ నుంచి వస్తూ ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క బొంగరాలు మూడు తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తోచక ఆ వంటింటి బల్ల మీదే చిన్న పళ్లెంలో పెట్టాను. మర్నాడు టీ మరిగేలోపు ఊరికే ఒకటి తిప్పాను. ఎర్ర గీతా పసుపు గీతా కలిసిపోయి నారింజ రంగు వలయం లేచింది. అది ఆగి పక్కకి ఒరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. టీ పొంగిపోయింది. ఆ కాసేపూ కుర్చీ వైపు చూడలేదని తర్వాత గుర్తొచ్చింది. అప్పట్నుంచీ రోజూ ఒకసారైనా తిప్పుతాను.

ఆ బొమ్మలు చేసే పద్ధతి కూడా నాకెంతో ఇష్టం. లేత్ యంత్రం మీద అంకుడు కర్ర తిరుగుతుండగా రంగు కలిపిన లక్కని దానికి ఒత్తుతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రంగులు గింజలూ బెరళ్లూ వేళ్ల నుంచి తీస్తారు కాబట్టి కళ్లకి కొట్టినట్టుండవు. 2017లో వీటికి ఆ ఊరి పేరు మీదే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. లక్క కదా, పొయ్యి పక్కనా ఎండలోనూ పెట్టకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పిల్లచేష్ట అంటారా? మా పెదనాన్నగారు ఎనభై దాటిన మనిషి. మొన్న వచ్చినప్పుడు పేపరు పక్కన పెట్టేసి, మూడూ ఒకేసారి తిప్పాలని ఎంతసేపు కూర్చున్నారో!

కొండపల్లి బొమ్మ విషయంలో మాత్రం ఒక పొరపాటు చేశాను. తాడిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మని కిటికీ గట్టు మీద పెట్టాను. పొణికి కర్ర మెత్తన, తేలిక. వాన జల్లు తగిలి రంగు పెచ్చులూడింది. అలాంటివి అద్దాల బీరువాలోనే ఉండాలి.

కిటికీకి ఇప్పుడు లేసు పువ్వులున్నాయి. అమ్మ నర్సాపురం ఏజెంటు కోసం ఏళ్ల తరబడి లేసు అల్లింది, అంతా తెల్లదారంతోనే. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు ఆవిడ ఉండుంటే అనుకున్నాను. మా వీధి పిన్నిగారికి ఎరుపు, పసుపు, గులాబీ దారాలిచ్చి అరచేతంత పువ్వులు పన్నెండు అల్లించుకున్నాను. కిటికీ ఊచలకి తాడు కట్టి వేలాడదీశాను. మేకు అవసరం లేదు, మీ ఇంటికీ కుదురుతుంది. సాయంత్రపు ఎండ వాటిలోంచి వస్తే బల్ల మీద నీడలు ఊగుతాయి. అమ్మ పెట్టెలో సగం అల్లిన తెల్లపువ్వు దొరికింది. దాన్ని పూర్తి చేయించలేదు, అలాగే వాటి మధ్య కట్టాను.

ఎన్ని కొనాలి అంటే, కొంచెమే. మన దగ్గర కిటికీ తీస్తే వరి, కొబ్బరి, అరటి, అంతా ఆకుపచ్చే. అందులో ఎరుపు పిసరంత ఉన్నా కన్ను అక్కడికే వెళ్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే ప్రభలు, అదే రంగుల గుడ్డలు కట్టిన ఎత్తైన వెదురు కట్టడాలు, చేలల్లోంచి కదులుతుంటే ఎంత దూరం నుంచి కనబడతాయో మీరు చూసే ఉంటారు. గది నిండా రంగులు నింపితే ఆ ముచ్చట పోతుంది. గుమ్మం దగ్గర మొక్క కావాలంటే కడియం నర్సరీల్లో ఎర్ర, పసుపు మచ్చల క్రోటన్లు దొరుకుతాయి.

వచ్చినవాళ్లకి కనబడాలని హాల్లో పెట్టకండి. మీకు దిగులు పుట్టే చోటే మొదటిది పెట్టండి. తాళం తీయగానే మీ చూపు ముందు ఎక్కడ పడుతుందో రాయండి, అక్కడ ఏది నప్పుతుందో చెప్తాను.