30 సెకన్లు, ఒక చిన్న స్పీకరు

రింగ్‌టోన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: సొంత సీడీలోని పాటకు మొదట్లో వచ్చే వాద్యసంగీతాన్ని కత్తిరించి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్లలో చక్కగా ఉంది. ఫోను మోగితే మాత్రం పక్క గదిలోకి వినపడదు. వాల్యూమ్ పూర్తిగానే ఉంది. ఎందుకిలా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ కత్తిరింపు బాగానే ఉండి ఉంటుంది, ముక్క ఎంపిక దగ్గరే చిక్కు. గోరంత ఫోన్ స్పీకరు సుమారు 300 హెర్ట్జ్ (సెకనుకు 300 కంపనాలు) కంటే కింది స్వరాలను సరిగా పలికించలేదు. బేస్ గిటారు, తబలాలో డగ్గా, మృదంగం తొప్పి మోగేది ఆ కింది భాగంలోనే. ఇయర్‌ఫోన్ చెవిని మూసి ఉంచుతుంది కాబట్టి అవి వినిపిస్తాయి. బల్లమీద ఉన్న ఫోనులోంచి రావు. నాదస్వరం, వేణువు, వయొలిన్ పైస్థాయి, ఆడగొంతు ఉన్న చోటు తీసుకోండి. మన చెవి బాగా పట్టుకునేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే.

ఇంకో సంగతి: పాట మొదలు సాధారణంగా మెల్లగా ఎత్తుకుంటుంది. మన దేశంలో మొబైల్ మోగే గడువు 30 సెకన్లని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. అందులో పది సెకన్లు తంబూర శ్రుతికే పోతే, మీరు ఫోను వెతుక్కునేలోపు అవతలివాళ్లు పెట్టేస్తారు. అందుకే నా ఓటు ఎప్పుడూ పల్లవి ఎత్తుగడకే.

కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ ఈ పనికి చాలు. కావలసిన భాగాన్ని ఎంచుకుని, జెడ్ మీట నొక్కండి. కోత అంచులు తరంగం సున్నాను దాటే చోటికి జరుగుతాయి. ఇది మరిచిపోతే టోన్ మొదట్లోనో చివర్లోనో ‘టిక్’మంటుంది. తర్వాత కంట్రోల్, టి కలిపి నొక్కితే మిగతా పాట పోతుంది. ఇప్పుడు కింది స్వరాలను తీసేసే హై-పాస్ ఫిల్టర్‌ను 200 హెర్ట్జ్ దగ్గర వేసి, ఆపైన మొత్తం శబ్దాన్ని గరిష్ఠ స్థాయి దాకా పెంచే నార్మలైజ్‌ను మైనస్ 1 డెసిబెల్‌కు పెట్టండి. ఈ వరుస మార్చకండి. ఎలాగూ వినపడని బేస్ ముందే తొలగిపోతే, అది ఆక్రమించిన జాగాలోకి గొంతు, వేణువు పెరుగుతాయి. ముందు నార్మలైజ్ చేస్తే ఆ లాభం ఉండదు.

టోన్ తిరిగి మొదలైనప్పుడు తాళం తప్పకూడదనుకుంటే లెక్క కట్టి కోయండి. నిమిషానికి 96 దెబ్బల నడక అయితే ఒక్కో దెబ్బ 0.625 సెకను. ఆదితాళం నాలుగు ఆవర్తాలు, అంటే 32 దెబ్బలు, సరిగ్గా 20 సెకన్లు. ఎంపీ3లో ఫైలు మొదట, చివర కాస్త నిశ్శబ్దం చేరుతుంది కాబట్టి అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుకైతే ఓజీజీ అనే మరో ఆడియో ఫైలు రకంగా ఎగుమతి చేయండి. ఫైలు వివరాలు రాసే మెటాడేటాలో ‘ఆండ్రాయిడ్, అండర్‌స్కోర్, లూప్’ అని ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఒక వరుస చేర్చి, దాని విలువ ‘ట్రూ’ అని రాస్తే అతుకు తెలియకుండా తిరుగుతుంది. ఫైలును ఫోను అంతర్గత మెమరీలోని రింగ్‌టోన్స్ ఫోల్డర్లో వేస్తే, సెట్టింగ్స్‌లోని సౌండ్ విభాగంలో కనిపిస్తుంది. మెమరీ కార్డులో వద్దు. కార్డు తీసిన రోజు కంపెనీ టోనే మోగుతుంది.

ప్రశ్న: ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్‌తో చేశాను. 28 సెకన్ల ముక్క పెడితే 17 సెకన్లకే ఆగిపోతోంది. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపిల్ సంగీత యాప్ గ్యారేజ్‌బ్యాండ్ మొదట 8 బార్లకే (తాళం కొలతలకే) చోటిస్తుంది. దాని మామూలు వేగం నిమిషానికి 110 దెబ్బలు; బారుకు నాలుగు చొప్పున 32 దెబ్బలకు పట్టేది 17 సెకన్ల పైచిలుకు. కుడివైపు పైన ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, సెక్షన్ ఏ తెరిచి, ఆటోమేటిక్ ఆన్ చేయండి. ఆ తర్వాత ముక్కను చివరిదాకా లాగండి. 30 సెకన్లు దాటనివ్వకండి. ఐఓఎస్ 26 ఉన్న ఫోనులో ఇంత శ్రమ అక్కర్లేదు: 30 సెకన్ల లోపు ఎంపీ3 లేదా ఎం4ఏ ఫైలును ఫైల్స్ యాప్‌లోంచి షేర్ చేస్తుంటే, రింగ్‌టోన్‌గా వాడుకునే ఎంపిక అక్కడే ఉంటుంది.

ప్రశ్న: నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాట ఎడిటర్‌లో తెరుచుకోవడం లేదు. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తెరుచుకోదు. అది తాళం వేసిన ఫైలు, ఆ యాప్ ఒక్కటే దాన్ని చదవగలదు. మీరు కడుతున్నది వినడానికి అద్దె. సీడీ గానీ, తాళం లేకుండా అమ్మే ఫైలు గానీ కొనుక్కుంటే కత్తిరించుకోవచ్చు. కొన్న పాటను సొంత ఫోనులో మోగించుకోవడం వేరు, ఆ ముక్కను నలుగురికీ పంచడం వేరు, రెండోది చేయకండి.

ప్రశ్న: అమ్మ నంబరుకు వేరే టోన్ పెడదామంటే ఆ ఎంపికే కనబడదు. – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆ నంబరు సిమ్‌లో సేవ్ అయి ఉంటుంది. సిమ్‌లో పేరు, నంబరు దాచుకోవడానికే గానీ టోన్‌కు చోటు లేదు. కాంటాక్ట్‌ను ఫోనులోకో గూగుల్ ఖాతాలోకో మార్చుకుంటే ఎంపిక వస్తుంది. ఫోను మార్చినప్పుడు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి, ఆ గుర్తు గూగుల్ ఖాతాతో పాటు రాదు. టోన్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా దాచి ఉంచండి.