రాత్రి పదింటి దాకా కొట్టు తెరవాలనుకుంటున్న మా అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ వన్‌టౌన్ మెయిన్ రోడ్డులో ఎనిమిదిన్నరకే అందరూ షట్టర్లు వేసేస్తున్నారనీ, మన బట్టల కొట్టు పదింటి దాకా ఉంచితే గిట్టుబాటవుతుందా అనీ మీ నాన్నతో అడిగించావు. అవుతుంది. కాకపోతే నువ్వొక్కడివే లైట్లేసుకుని కూర్చుంటే మాత్రం కరెంటు బిల్లే మిగులుతుంది. అసలు ఈ వీధిలో రాత్రి బేరం ఎందుకు పోయిందో ముందు తెలుసుకో. ఏం చెయ్యాలో తర్వాత చెబుతాను.

అందరూ మాల్స్ మీదకు నెట్టేస్తారు. మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్ వచ్చి బేరాలు పట్టుకుపోయిందంటారు. సాలిగ్రామపురం ఇనార్బిట్‌తో ఉన్నవి కూడా పోతాయని భయపడతారు. పగటి బేరం విషయంలో అది కొంత నిజమే. కానీ రాత్రి సందడి మాల్స్ రాకముందే తగ్గడం మొదలైంది. మా రోజుల్లో వన్‌టౌన్‌లో కింద కొట్టు, మేడ మీద కాపురం. పైకెళ్లి భోంచేసి మళ్లీ దిగి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లం. అందుకే పదైనా బరువనిపించేది కాదు. తర్వాత కుటుంబాలు పెరిగాయి, గదులు చాల్లేదు. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముకి డాబా మీద ఆరేసిన బట్టలు నల్లబడిపోయేవి. ఒక్కో ఇల్లూ ఎంవీపీ కాలనీకో, సీతమ్మధారకో, తర్వాత మధురవాడకో తరలిపోయింది. ఖాళీ అయిన మేడల్ని గొడౌన్లకు ఇచ్చేశారు. మధురవాడ నుంచి వచ్చి కొట్టు నడిపే మనిషికి ఎనిమిది అయ్యేసరికి ఇంటికెళ్లే ట్రాఫిక్ గుర్తొస్తుంది. అతన్ని తప్పుపట్టలేం. కానీ వీధిలో రాత్రి సందడి పోవడానికి అసలు కారణం అదే.

రెండో కారణం సినిమా హాళ్లు. పూర్ణా, లీలామహల్, జగదాంబ లాంటి హాళ్లలో ఫస్ట్ షో వదిలితే కొన్ని వందల మంది ఒక్కసారిగా రోడ్డు మీదకు వచ్చేవారు. వాళ్లలో సగం మందికి ఆకలి. టీ బండి, ఇడ్లీ బండి, కిళ్లీ కొట్టు, బజ్జీల పొయ్యి, అన్నీ ఆ జనం మీదే బతికేవి. మల్టీప్లెక్స్‌లో షో అయిపోతే జనం మాల్ లోపలికే వస్తారు. అక్కడే తింటారు, లిఫ్టులో సెల్లారుకి దిగి బండి తీసుకుని వెళ్లిపోతారు. వీధి మీద కాలు పెట్టే అవసరమే ఉండదు. జగదాంబ దగ్గర చిత్రాలయ హాలు మాల్ అయింది చూడు. సినిమా అక్కడే ఉంది, జనమూ వస్తున్నారు. అయినా హాలు ముందు వెనకటి సందడి లేదు.

మూడోది మన వ్యాపారస్తులు తెలియక చేసుకున్నది. అద్దె ఎక్కువిస్తారని రోడ్డు మీది కొట్లను బ్యాంకులకూ, ఏటీఎంలకూ, ల్యాబులకూ ఇచ్చేశారు. బ్యాంకు వీధికి మంచిదే, కానీ సాయంత్రానికే తలుపులు మూసేస్తుంది. ఒక రాత్రి తొమ్మిదింటికి కురుపాం మార్కెట్ నుంచి టౌన్ కొత్త రోడ్డు వైపు నడిచి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ వెనక్కి తిరుగుతున్నారో చూడు. రెండు షట్టర్లు వేసి ఉన్నా పట్టించుకోరు. నాలుగైదు వరసగా వేసి ఉంటే, పిల్లని చంకనేసుకున్న ఆడమనిషి అక్కడితో ఆగిపోతుంది. ముందు దీపాలున్నాయా లేవా అన్నది ఆమె చూడదు, మనుషులు ఉన్నారా అని చూస్తుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత మన ఊళ్లో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్ఈడీలుగా మార్చారు. వెలుతురు బాగా పెరిగింది, అందులో సందేహం లేదు. అంతమాత్రాన మన వీధికి రాత్రి జనం తిరిగి రాలేదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది.

మొదట మేడ సంగతి. పై రెండు గదులు గొడౌనుకు అడుగుతున్నారట, ఇవ్వొద్దు. అద్దె కొంచెం తగ్గినా మనుషులు ఉండేలా ఇవ్వు. కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గరలోనే ఉంది కదా, నర్సులు, మెడికోలు, ల్యాబుల్లో పనిచేసే పిల్లలు గదుల కోసం తిరుగుతూనే ఉంటారు. డ్యూటీ దిగి రాత్రి పదకొండింటికి వచ్చే పిల్ల మెట్ల దగ్గర దీపం ఉండాలంటుంది, కింద టీ దొరకాలంటుంది, వీధిలో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలంటుంది. ఆమెకు కావలసినవన్నీ మన కొట్టుకీ కావలసినవే. అయితే పైన నిద్రపోయే వాళ్లున్నప్పుడు కింద మైకు పెట్టి డిస్కౌంట్ కేకలు వేయించకు.

రెండోది, ఒంటరిగా మొదలుపెట్టకు. నీకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఒప్పుకుంటే చాలు. వీధి మొత్తాన్ని ఒప్పించాలని సంఘం మీటింగుకి వెళ్తే ఏడాది గడిచిపోతుంది. వరసగా ఏడు కొట్లు వెలుగుతుంటే జనం నడుస్తారు. అవే ఏడు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉంటే ఉపయోగం లేదు. రోజూ వద్దు, శనివారం ఒక్కరోజు పెట్టుకోండి. పండగైనా వానైనా ఆ రోజు మాత్రం తప్పకూడదు. ‘శనివారం రాత్రి వెళ్తే తెరిచే ఉంటారు’ అన్న నమ్మకం జనంలో కుదరడానికి చాలా కాలం పడుతుంది. ఒక్కసారి మూసి ఉన్న తలుపు చూసి వెళ్లినవాళ్లు మళ్లీ రారు.

మొదలుపెట్టడానికి మార్గశిరాన్ని మించిన సమయం లేదు. ఆ నెలలో శనివారాలతో పాటు బుధవారం రాత్రులూ తెరువు. బుధవారం అర్ధరాత్రి దాటగానే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారం దర్శనానికి క్యూలు కట్టేస్తారు కదా. తెల్లవార్లూ ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మన సందుల్లో నడుస్తారు. వన్‌టౌన్‌లో రాత్రిపూట ఎవరు తిరుగుతారు అని అడిగేవాళ్లను ఆ రాత్రి తీసుకొచ్చి చూపించు. అమ్మవారికి పెట్టే చీరలు, జాకెట్టు ముక్కలు, తువ్వాళ్లు, చలికి శాలువాలు ముందు వరసలో పెట్టు. పట్టుచీరలు అప్పుడు పరిచి చూపించకు. క్యూలో నిలబడి వచ్చిన మనిషికి బేరమాడే ఓపిక ఉండదు, ధర చీటీ మీద రాసి ఉంచు.

తోపుడు బళ్ల వాళ్లతో తగాదా పడకు. ఇది నేను చాలా గట్టిగా చెబుతున్నాను. బజ్జీల బండి కొట్టుకి అడ్డమని పోలీసులకు ఫోన్ చేసే వ్యాపారస్తులు మన వీధిలోనే ఉన్నారు. కొట్టు మూసే వేళకు జనాన్ని నిలబెట్టేది ఆ బండే. ఇండోర్‌లో సరాఫా బజారని ఉంది. అక్కడ రాత్రి నగల కొట్లు మూయగానే వాటి మెట్ల ముందే తినుబండారాల అంగళ్లు వెలుస్తాయి, అర్ధరాత్రి దాటినా జనం ఉంటారు. అహ్మదాబాద్ మాణెక్ చౌక్‌లో పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం బంగారం, రాత్రి తిండి. అంత జనం తిరిగే చోట తాళం పగలగొట్టడం తేలిక కాదు. కురుపాం మార్కెట్ చుట్టుపక్కల బంగారం కొట్ల వాళ్లకు ఈ మాట అర్థమయ్యేలా చెప్పు, వాళ్లకు వాచ్‌మన్ ఖర్చు బాగా తెలుసు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది బళ్ల వాళ్ల ప్రతినిధులే ఉండాలి. మరమరాల మూరీ మిక్చర్ అమ్మే మనిషికి గుర్తింపు కార్డు ఉందో లేదో కనుక్కో, లేకపోతే జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ఆఫీసుకి తోడు వెళ్లు. బదులుగా అతన్ని రెండు అడగాలి. చెత్తబుట్ట పెట్టుకోవాలి, మురుగునీళ్లు రోడ్డు మీద పొయ్యకూడదు.

సంఘంలో పార్కింగ్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు. నువ్వు పొద్దున్నే వెళ్లి, కొట్ల ముందు నిలబెట్టిన బళ్లు ఎవరివో చూడు. ఎక్కువ మన యజమానులవీ, గుమస్తాలవీ. పొద్దున పెట్టిన బండి రాత్రి దాకా కదలదు. కొనడానికి వచ్చినవాడు చోటు లేక ముందుకు పోతాడు. నీదీ మన పిల్లలదీ వెనక సందులో పెట్టించు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పనిచేసే పిల్లల గురించి కూడా ఆలోచించు. పొద్దున తొమ్మిదికి వచ్చిన అమ్మాయిని రాత్రి పదింటి దాకా నిలబెట్టడం అన్యాయం. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు రమ్మను. రాత్రి ఉండడం ఆమెకు ఇష్టమైతేనే ఉంచు, ఇంటిదాకా ఆటోలో దిగబెట్టించు, ఆ డబ్బులు కొట్టు ఖర్చులో రాయి. బస్సు అందుతుందో లేదో అని గడియారం చూసుకునే పిల్ల చీర మడత విప్పి చూపించదు.

ఎవరో బార్ పెడితే రాత్రి జనం వస్తారని నీతో అన్నారట. మగవాళ్లు వస్తారు. వాళ్లు వచ్చిన చోటికి కుటుంబాలు రావడం మానేస్తాయి, మనం అమ్మేది కుటుంబాలకి.

అన్నిటికంటే అవసరమైనది, ఎవరూ పట్టించుకోనిది మరుగుదొడ్డి. మన వీధిలో ఆడవాళ్లు గంటన్నరకు మించి ఎందుకు ఉండరో ఏ మగ వ్యాపారీ ఆలోచించడు. మీ పెద్దమ్మ చెబితేనే నాకూ తెలిసింది. కొట్టు వెనక ఉన్నది గుమస్తాలకని తాళం వేసి ఉంచొద్దు. టైల్స్ వేయించి, గొళ్లెం సరిగా పడేలా చూసి, దీపం పెట్టి, అడిగిన ఆడవాళ్లకు చూపించు. ఏమీ కొనకపోయినా సరే.

ఎనిమిదిన్నర తర్వాత జరిగిన బేరాన్ని వేరే పుస్తకంలో రాసుకో. ఉగాది దాకా ఆ లెక్క చూసి దిగులు పడకు, ఆపెయ్యకు. ఉగాది తర్వాత పుస్తకం పట్టుకుని రా, కూర్చుని చూద్దాం. ఈలోగా ప్లంబర్ని పిలిపించు. వెనక కుళాయికి నీళ్లు సన్నగా వస్తాయి, మేడ మీది ట్యాంకు నుంచి వేరే పైపు వేయించాలి. కార్తీకం వెళ్లేలోపు ఆ పని అయిపోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న