జూన్ మేళాకు వెళ్లమంటారా?

ప్రశ్న: ఇంటర్నేషనల్ స్కూళ్లలో తొమ్మిదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. అందులో నాలుగేళ్లు ఐబీ డిప్లొమా (ఇంటర్ స్థాయి అంతర్జాతీయ కోర్సు) తరగతులు. ఇప్పటి కాంట్రాక్టు జూలైతో ముగుస్తుంది. పొడిగించుకోనని డిసెంబరులోనే రాసిచ్చాను. ఇంటర్నేషనల్ స్కూళ్లు టీచర్లను ఎంచుకునే జనవరి ఉద్యోగ మేళాకు టికెట్ కూడా కొన్నాను కానీ, అమ్మకు ఆపరేషన్ జరగడంతో వెళ్లలేకపోయాను. ఇక మిగిలింది జూన్ మేళా ఒక్కటే. ‘ఆ వేళకు మిగిలేవి ఎవరూ ముట్టని ఉద్యోగాలే, ఖర్చు దండగ’ అని తోటి టీచర్లు అంటున్నారు. మావారు టీచరు కాదు. పాపకు ఏడేళ్లు. విమానం ఛార్జీలు, మూడు రాత్రుల హోటలు ఖర్చు పెట్టుకుని వెళ్లమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండి. మీరు చెప్పేది కెమిస్ట్రీ కాబట్టి ఇంత తొందరగా చెప్పగలుగుతున్నాను. ఇంగ్లిషో, సోషలో, ప్రాథమిక తరగతులో చెప్పేవారు ఇదే అడిగితే, ముందు ఖాళీల జాబితా తెప్పించుకుని చూసి, మీ సబ్జెక్టు కనీసం నాలుగుచోట్ల కనిపిస్తేనే టికెట్ కొనమనేదాన్ని. ఫిజిక్సు, కెమిస్ట్రీ, పై తరగతుల లెక్కలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్లు జనవరిలోనూ దొరకరు, జూన్‌లోనూ దొరకరు.

మీ తోటివారి మాటలో సగం నిజముంది. ఆ సగంలో ఇరుక్కుని బయటపడినదాన్ని కాబట్టి చెబుతున్నాను. రెండో ఉద్యోగం నాకు ఇలాంటి ఆఖరి మేళాలోనే దొరికింది. ఇంటర్వ్యూ పదిహేను నిమిషాల్లో ముగిసింది. సాయంత్రానికే కాంట్రాక్టు చేతిలో పెట్టారు. నా ప్రతిభకు ముచ్చటపడ్డారనుకున్నాను! ఆగస్టులో చేరి ల్యాబు బీరువా తెరిస్తే, తలుపు మీద టీచరు పేరు చీటీ ఒకదానిపై ఒకటి మూడు అంటించి ఉన్నాయి. రెండేళ్లలో ముగ్గురు. నాది నాలుగో చీటీ. పరీక్ష మార్కులు పెంచమని తల్లిదండ్రులు యజమానికి ఫోను చేయడం, ఆయన ప్రిన్సిపాల్‌ను పిలవడం, ప్రిన్సిపాల్ నన్ను పిలవడం అక్కడి ఆనవాయితీ. రెండేళ్లు పళ్ల బిగువున గడిపాను. ‘ఈ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయింది?’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ చీటీల సంగతి ముందే తెలిసేది.

రెండో సగం నాకు బల్లకు అటువైపు కూర్చున్నాకే అర్థమైంది. ప్రిన్సిపాల్‌గా పనిచేస్తున్నప్పుడు, చేరతానని సంతకం పెట్టిన లెక్కల టీచరు భర్తకు బదిలీ అయిందని మే చివర్లో మానుకున్నారు. మాది మంచి బడే. టీచర్లు ఐదారేళ్లు ఉండేవారు. అయినా జూన్ మేళాలో ఒక్క ఖాళీతో బల్ల వేసుకుని కూర్చున్నాను. మా బల్లకు అటూ ఇటూ ఉన్న రెండు స్కూళ్లు ఏటా సగం మంది సిబ్బందిని పోగొట్టుకునేవి. చూసేవారికి మూడు బల్లలూ ఒకటే. అదీ ఆఖరి మేళాలో ఉన్న చిక్కు.

ఈ ఖాళీలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే విడదీసి చూడటం తేలికవుతుంది. ఆగస్టులో బడి తెరిచే స్కూళ్లు, వచ్చే ఏడాది ఉంటారో లేదో చెప్పమని టీచర్లను నవంబరు, డిసెంబరుల్లోనే అడుగుతాయి. అందుకే పెద్ద మేళాలు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో పెడతారు. అమెరికాలో నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం 1976లో మొదలుపెట్టిన మేళా, సెర్చ్ అసోసియేట్స్ అనే టీచర్ల నియామక సంస్థ బ్యాంకాక్‌లో పెట్టే మేళా ఆ కాలంలో జరుగుతూ వచ్చినవే. అదే సంస్థ వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో పెడుతూ వచ్చిన మేళా మాత్రం జూన్‌లో. ఆ మధ్య నెలల్లో గర్భవతులైనవారు, తల్లిదండ్రుల అనారోగ్యంతో ఇంటికి వెళ్లిపోయేవారు, వీసా రానివారు ఉంటారు. అనుకోకుండా పిల్లలు ఎక్కువ చేరి కొత్త సెక్షన్ తెరిచే స్కూళ్లూ ఉంటాయి. ఇంకో సంగతి: ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూళ్లలో వేసవి తర్వాత మానేయదలచిన టీచర్లు రాజీనామా ఇవ్వడానికి మే 31 దాకా గడువు ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచి టీచర్లను తెచ్చుకునే బ్రిటిష్ సిలబస్ స్కూళ్లకు మే నెల అంటే ఆలస్యమేమీ కాదు. ఇవన్నీ నిక్షేపమైన కారణాలు. చెప్పడానికి ఏ ప్రిన్సిపాలూ సిగ్గుపడరు.

అందుకే కారణం అడగండి. అడిగి ఊరుకోకండి. వెళ్లిపోతున్న టీచరుతో మాట్లాడించమనండి. ‘తప్పకుండా, ఈమెయిల్ ఇస్తాను’ అంటే సగం భయం తీరినట్టే. ‘ఆవిడ చాలా బిజీ’ అంటే నా బీరువా గుర్తు తెచ్చుకోండి. కెమిస్ట్రీ విభాగంలో ఎవరెవరు ఎన్నేళ్లుగా ఉన్నారో పేరుపేరునా చెప్పించండి. ‘మా దగ్గర టీచర్లు బాగానే నిలుస్తారు’ అనే జవాబు జవాబు కాదు.

జూన్‌లో మీకు కలిసొచ్చేది తీరిక. జనవరిలో ఒక్కో అభ్యర్థికి ఇరవై నిమిషాలు ఇవ్వడమే గగనమయ్యేది. జూన్‌లో ఆ లెక్కల ఉద్యోగానికి వచ్చిన అమ్మాయితో నలభై నిమిషాలు కూర్చున్నాను. మా పిల్లల పాత జవాబు పత్రం ఒకటి ఇచ్చి దిద్దమంటే, దిద్దుతూనే ఆ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో చెప్పింది. ఆ రాత్రే కాంట్రాక్టు ఇచ్చాను. జనవరిలో అయితే ఆమెకు ఆ జవాబు పత్రం ఇచ్చి దిద్దించే సమయమే నాకు ఉండేది కాదు.

జీతం బేరం మాత్రం పెద్దగా పెట్టుకోకండి, బడ్జెట్ అప్పటికే తేలిపోయి ఉంటుంది. మీరు పట్టుబట్టాల్సింది పాప విషయం. ఫీజు మాఫీ అనడం వేరు, రెండో తరగతిలో సీటు ఉండటం వేరు. జూన్‌కల్లా సెక్షన్లు నిండిపోతాయి. ఫీజు మాఫీ, సీటు రెండూ కాంట్రాక్టులో రాయించుకోండి. మీవారికి డిపెండెంట్ వీసా వస్తుందా, ఆ వీసా మీద ఉద్యోగం చేయనిస్తారా అన్నది కూడా అక్కడే అడగండి. ఆయన సంపాదన లేకపోతే ఇద్దరి జీతం మీద వేసుకున్న లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇక కాగితాలు. ఆఖరి మేళాలో ఉద్యోగం దొరికి కూడా చేజారేది ఇక్కడే. జూన్‌లో సంతకం పెట్టి ఆగస్టులో తరగతిలో నిలబడాలంటే మధ్యలో ఉన్నవి ఆరేడు వారాలు. డిగ్రీ పట్టాకు అపోస్టిల్ (పత్రం అసలుదేనని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చాలనే దేశాలు కొన్ని, ఎంబసీ ముద్ర కూడా కావాలనే దేశాలు కొన్ని. మీరు పనిచేసిన ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. ఇప్పటి దేశం వదలకముందే అక్కడిది తీసుకోండి, వచ్చేశాక దూరం నుంచి తెప్పించుకోవడం నరకం. ఇవన్నీ ఫైల్లో పెట్టుకుని మేళాకు వెళ్లిన కెమిస్ట్రీ టీచరును చూస్తే, నాలాంటి ప్రిన్సిపాల్‌కు ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఒక్క రోజులో నిర్ణయం చెప్పమంటారు. సరేనని తర్వాత మానుకుంటే మేళాలు నడిపే ఏజెన్సీలు మిమ్మల్ని మళ్లీ దగ్గరకు రానివ్వకపోవచ్చు. కాబట్టి వెళ్లేముందే మీవారితో కూర్చుని, ఎక్కడికి వెళ్లరో ఆ జాబితా రాసుకోండి. అది పొడవుగా తయారైతే మాత్రం నా మొదటి మాట వెనక్కి తీసుకుంటాను. ఫలానా నగరమే కావాలనుకునేవారికి జూన్ మేళా పనికిరాదు.

ప్రశ్న: మేళాల్లో ఇంటర్వ్యూలు హోటలు గదుల్లో జరుగుతాయని విన్నాను. నిజమేనా? నాకు ఇబ్బందిగా ఉంటుంది.
— మరో పాఠకురాలు

జవాబు: ఏళ్ల తరబడి అలాగే జరిగాయి. మంచం గోడకు జరిపి, రెండు కుర్చీలు వేసి, ఇస్త్రీ బల్ల మీద రెజ్యూమేలు పరిచి నేనూ చేశాను. మీకు ఇబ్బందైతే తలుపు తెరిచి ఉంచమనండి, లేదా కింద లాబీలో కూర్చుందామనండి. అందుకు ముఖం మాడ్చుకునే ప్రిన్సిపాల్ దగ్గర మీరు పనిచేయనక్కర్లేదు. గదులు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, లిఫ్టులు ఎప్పుడూ నిండి ఉంటాయి. ఇంటర్వ్యూకూ ఇంటర్వ్యూకూ మధ్య పావుగంటైనా ఉండేలా సమయం తీసుకోండి.